సాయంత్రం గడిలో పెట్టిన టిక్కు

ఇప్పుడు సర్వే పనిలోకి వస్తున్న పిల్లలను చూస్తే నాకు కాస్త అసూయగానే ఉంటుంది. పలకంత పరికరం చేత్తో పట్టుకుని నడుచుకుంటూ పోతే వీధి వీధంతా దానంతటదే తెర మీద గీసుకుంటోంది. మేము స్టాండు భుజాన వేసుకుని, ఎండలో కళ్ళు చికిలించుకుని, ఒక్కో మూలకు ఒక్కో చుక్క పెట్టుకుంటూ పోయినవాళ్ళం. కానీ బాబూ, పరికరం ఎంత గొప్పదైనా ఫారంలో టిక్కు పెట్టేది మనిషి చెయ్యే. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో నేను పెట్టిన టిక్కులన్నీ ఒక ఎత్తు, హుఫూఫ్ పాత బజారులో పెట్టిన ముప్పై మూడు టిక్కులు ఒక ఎత్తు. వాటి సంగతి మీకు చెప్పి తీరాలి.

నాది కడప జిల్లా. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, చదువు తెలుగు మీడియం. ఐటీఐలో సర్వే నేర్చుకుని సౌదీ విమానం ఎక్కాను. మొదట ఆరేళ్ళు రాస్ తనూరాలో, రిఫైనరీ పైపుల మధ్య పని. పైపులతో ఒక సుఖం ఉంది. పొద్దున చూసినా, అర్ధరాత్రి చూసినా, రంజాన్‌లో చూసినా పైపు అక్కడే ఉంటుంది. ఆ అలవాటు మీదనే నాకు గొప్ప సర్వేయర్‌నన్న పొగరు పట్టింది. సెంటీమీటరు తేడా వస్తే ఆ పూట అన్నం సయించేది కాదు. ఎవరైనా నా లెక్క తప్పంటే ముక్కు మీద కోపం ఎలాగూ సిద్ధంగా ఉండేది.

రెండువేల దశకం మధ్యలో నన్ను హుఫూఫ్‌కు బదిలీ చేశారు. ఊరి నడిబొడ్డున ఉన్న పాత సందులు పడగొట్టి, అక్కడ కొత్త బజారు, పార్కింగు, వెడల్పాటి నడక దారి కట్టాలని బలదియా, అంటే అక్కడి మునిసిపాలిటీ, తలపెట్టింది. కట్టడానికి ముందు, ఉన్నదేమిటో లెక్క తేల్చాలి. ఆ లెక్క మా కంపెనీది. నియమం సులువే. పాత సందులో ఎవరి దుకాణం నడుస్తోందో వాళ్ళకు కొత్త బజారులో ఒక దుకాణం వస్తుంది. ఖాళీగా పడి ఉన్నవాటికి ఏమీ రాదు, బుల్‌డోజరు తప్ప. నడుస్తున్న షట్టరు మీద ఆకుపచ్చ రంగుతో నంబరు, ఖాళీ షట్టరు మీద ఎర్ర రంగుతో నంబరు వేయాలి.

ఏది ఖాళీయో తేల్చడానికి ఫారంలో రెండు గడులు ఉండేవి. ఒకటి ఉదయం తనిఖీ, రెండోది సాయంత్రం తనిఖీ. రెండు పూటలా మూసి ఉండి, బోర్డు లేకుండా, సొంత కరెంటు మీటరు కూడా లేకపోతే అది ఖాళీ కింద లెక్క. రెండు గడుల్లో టిక్కు, కింద నా సంతకం, ఆ కింద మా పెద్ద ఇంజనీరు సంతకం. అంతకన్నా ఏముందని అనుకున్నాను.

మా పెద్ద ఇంజనీరు ఈజిప్టు మనిషి. బొజ్జ, దాని మీద పెన్నుల జేబు, నోటి నిండా జోకులు, పనిలో మాత్రం రాక్షసుడు. నాతో తిరిగే చైన్‌మన్ పెషావర్ దగ్గరి పఠాన్, కొలత టేపు పట్టడం, నంబర్లు వేయడం అతని పని. ఆరడుగుల మనిషి, చేతిలో రెండు రంగు డబ్బాలు, ఎరుపూ పచ్చా. నన్ను "సాబ్" అనేవాడు గానీ, నాకు బుద్ధి చెప్పాల్సి వచ్చినప్పుడు "భాయీజాన్" అనేవాడు. ఆఫీసులో నేను తెచ్చిన కొలతలను నకాషాగా, అంటే పటంగా, గీసేవాడు ఒక మలయాళీ క్రిస్టియన్. సన్నగా, నెమ్మదిగా, గంటకొక టీ లేకపోతే బతకలేని మనిషి.

సర్వే సరిగ్గా రంజాన్ నెలలో పడింది. మాకు పని ఆరు గంటలే. పొద్దున వెళ్ళి సందులన్నీ తిరిగి, నోరెండిపోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాళ్ళం. సాయంత్రం తనిఖీకి మళ్ళీ రావాలి. కానీ సాయంత్రం ఇఫ్తార్, ఇఫ్తార్ తర్వాత ఇషా, అంటే రాత్రి నమాజు, ఇషా తర్వాత రంజాన్‌లో మాత్రమే ఉండే తరావీ నమాజు. మొదటి రోజు పఠాన్ అడిగాడు, సాబ్, సాయంత్రం బండి ఎన్ని గంటలకు తీయమంటారని. నేను చూద్దాంలే అన్నాను. రెండో రోజు కూడా అడిగాడు. పొద్దున మూసి ఉంటే సాయంత్రం మాత్రం ఎవడు తెరుస్తాడు, నువ్వు పో, రోజా విప్పుకో అన్నాను. మూడో రోజు నుంచి అతను అడగడం మానేశాడు. నేను ఆఫీసులో ఏసీ కింద కూర్చుని సాయంత్రం గడిలో టిక్కులు పెట్టడం మొదలుపెట్టాను.

మొదటి టిక్కు పెట్టేటప్పుడు చెయ్యి కాస్త ఆగింది. పదో టిక్కుకు ఆగలేదు. ఇదే మీరు గుర్తుపెట్టుకోవాల్సింది.

ఆ నెలలో ఒకరోజు మలయాళీ నకాషా మీద నుంచి తలెత్తి, ఇంత పెద్ద బజారులో ఒక్క టీ కొట్టు కూడా లేదా అని అడిగాడు. నేనూ పఠానూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం. ఈజిప్టు ఇంజనీరు గదిలోంచే అరిచాడు, నీకు నకాషాలో కూడా టీ కావాలా అని. రోజా ఉన్న ముగ్గురం కలిసి, రోజా లేని ఒక్కడిని ఆ పూటంతా ఆటపట్టించాం. పగటిపూట టీ కొట్టు ఎందుకు కనబడదో మాకు ముగ్గురికీ ఒంటికి తెలుసు. బుర్రకు మాత్రం ఎక్కలేదు. ఆ ఆఫీసులో బుర్ర పనిచేసిన మనిషి అతనొక్కడే.

ఇక ఆ బజారు రాత్రిపూట ఎలా ఉండేదో చెప్పకపోతే ఈ కథ మీకు సగమే తెలిసినట్టు. పగలు చూస్తే నిద్రపోతున్న సందులు. బూడిద రంగు షట్టర్లు, ఏది చూసినా ఒకటే. ఇషా నమాజు అయిపోయిందా, ఎక్కడెక్కడి జనమో దిగేవారు. ఖర్జూరాల వాళ్ళు బుట్టలు బయట పేర్చేవారు. అత్తరు కొట్టువాళ్ళు దారిన పోయేవాడి మణికట్టు పట్టుకుని మరీ రాసేవారు. బురఖాల్లో ఆడవాళ్ళు బేరాలాడే తీరు చూస్తే మా ప్రొద్దుటూరు చీరల అంగళ్ళే గుర్తొచ్చేవి. గురువారం రాత్రైతే ఆసుపత్రి బస్సు వచ్చి ఆగేది. అందులోంచి మన కోస్తా నర్సమ్మలు దిగి, గంటలో వారానికి సరిపడా సామాన్లు కొనుక్కుని, "ఏవండోయ్, బస్సెళ్ళిపోద్ది" అని ఒకరినొకరు కేకలేసుకుంటూ పరిగెత్తేవారు. పరాయి మగవాళ్ళం, మేము పలకరించేది లేదు, వాళ్ళు చూసేది లేదు. కానీ ఆ నాలుగు తెలుగు ముక్కలు చెవిన పడితే ఆ వారం హాయిగా గడిచిపోయేది నాకు.

ఆ సందులో మేము కూర్చునే చోటు ఒక ముసలాయన టీ కొట్టు. ఆయన స్థానికుడు, అల్-అహ్సా మనిషి, తెల్ల గడ్డం, ఒక కన్ను కాస్త మసక. మా పనివాళ్ళమంతా చాచా అనే పిలిచేవాళ్ళం. నాలుగు చెక్క బెంచీలు సందులో వేసి, లోపల బొగ్గుల మీద పెద్ద కెటిల్ పెట్టేవాడు. ఇండియావాడైనా, పాకిస్తానీ అయినా, బెంగాలీ అయినా, యమనీ అయినా అదే బెంచీ, అదే గాజు గ్లాసు. ఎవడి ఇఖామా కార్డు పోయింది, ఎవడి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, జీతం ఆపాడు, ఎవడికి కొడుకు పుట్టాడు, అన్నీ అక్కడే తెలిసేవి. ఆయన పెద్దగా మాట్లాడేవాడు కాదు. కొత్తవాడు వచ్చి మూలన నిలబడితే బెంచీ మీద గుడ్డతో ఒక్కసారి తుడిచేవాడు, అంతే, వాడు కూర్చునేవాడు. ఊరు వదిలి వచ్చిన ఆరేళ్ళలో నాకు ఒక చోటుందనిపించింది ఆ బెంచీ మీదే. ఆ రంజాన్‌లో తరావీ అయ్యాక రోజూ అక్కడికే పోయేవాడిని.

రంజాన్ అయింది, ఈద్ అయింది. సర్వే పట్టిక బలదియాకు చేరింది. ఇక ఒకటి రెండు వారాల్లో పేర్లు ఖరారు చేసి కొత్త బజారులో చోట్లు కేటాయిస్తారన్నారు. నేను గట్టున పడ్డాననుకుని కాలు మీద కాలేసుకున్నాను.

ఒక గురువారం మధ్యాహ్నమే పని అయిపోయింది. క్యాంపులో తోచక, పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు కాకముందే బజారుకు పోయాను. టీ కొట్టుకు ఎప్పుడూ జనంతో, వెలుతురుతో ఉన్నప్పుడు వెళ్ళిన దారి. ఇప్పుడు చూస్తే బెంచీలు లేవు, కెటిల్ లేదు, ఏ సందో కూడా అంతుపట్టలేదు. అటూ ఇటూ తిరుగుతుంటే ముసలాయనే ఎదురొచ్చాడు, తాళం చెవి చేతిలో పట్టుకుని. ఇవాళ తొందరగా వచ్చావే అన్నాడు. ఒక షట్టరు ముందు ఆగి, వంగి తాళం తీయబోయాడు. ఆ షట్టరు మీద ఎర్ర రంగుతో నలభై ఏడు అని రాసి ఉంది. నా పఠాన్ చేతిరాత. ఏడు అంకెకు అడ్డగీత పెట్టడం అతని అలవాటు.

ముసలాయన ఆ అంకె మీద చెయ్యి వేసి నిమిరాడు. "చూశావా, బలదియావాళ్ళు నాకు కూడా నంబరేశారు. బోర్డు లేదు, మనల్ని వదిలేస్తారేమో అనుకున్నా. వదల్లేదు, అల్‌హమ్దులిల్లాహ్," అన్నాడు.

తర్వాత షట్టరు పైకి తోశాడు. అంకె రేకుతో పాటు చుట్టుకుని పైకి పోయింది, కనబడకుండా. రోజూ రాత్రి నా నెత్తి మీదే అది చుట్టుకుని ఉంది. నేను దాని కింద కూర్చుని టీ తాగాను. ఆ పూట ఆయన ఇచ్చిన టీ ఎలా ఉందో గుర్తులేదు.

శనివారం ఆఫీసుకు వెళ్ళి నేను చేసిన పని చెబుతాను, నవ్వకండి. ఈజిప్టు ఇంజనీరు ముందు నిలబడి, నలభై ఏడో నంబరులో చిన్న పొరపాటు దొర్లినట్టుంది అన్నాను. చిన్న పొరపాటు. దొర్లినట్టుంది. అది దానంతటదే దొర్లిందట, నేను పక్కన నిలబడి చూశానట. ఇది ఒప్పుకుంటే మిగతా టిక్కుల సంగతి బయటపడుతుంది, బయటపడితే నాకు ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతారు. ఇంట్లో ఇద్దరు చెల్లెళ్ళ చదువులు నా మీద ఉన్నాయి. నిజాన్ని ఎంత చిన్నదిగా చేసి చెబితే అంత క్షేమం అనుకున్నాను.

ఆయన చిరాకు పడి, బలదియాకు ఫోన్ చేశాడు. సోమవారం ఇషా తర్వాత వాళ్ళ కుర్ర ఇంజనీరు స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. నా ఫారం కూడా పట్టుకు రమ్మన్నాడట.

సోమవారం రాత్రి నేనూ, పెద్ద ఇంజనీరూ, ఆ కుర్ర ఇంజనీరూ వెళ్ళాం. కొట్టు కిటకిటలాడుతోంది. కుర్ర ఇంజనీరు సౌదీ మనిషి, మర్యాదస్తుడు, ఒంటి మీద ఇస్త్రీ నలగని తెల్లటి పొడుగు అంగీ, తోబ్. బెంచీల వైపు చూశాడు, కెటిల్ వైపు చూశాడు, నా ఫారం తెరిచాడు. కొట్టు నడుస్తోందని గుడ్డివాడికైనా తెలుస్తుంది. ఆయన సందేహం దాని మీద కాదు. సాయంత్రం గడి మీద వేలు పెట్టి నన్ను అడిగాడు.

"ఇక్కడ సాయంత్రం తనిఖీ జరిగిందని టిక్కుంది. మూసి ఉందని రాశావు. ఆ సాయంత్రం నువ్వు వచ్చావా, రాలేదా?"

మా పెద్ద ఇంజనీరు నా వైపు కాకుండా నేల వైపు చూస్తున్నాడు. అప్పుడు లోపలి నుంచి ముసలాయన గ్లాసు కడుగుతూనే అన్నాడు.

"వచ్చాడు. రంజాన్‌లో ఒక్క రాత్రి తప్పలేదు. ఆ మూల బెంచీ మీదే కూర్చున్నాడు. నేను సాక్షిని."

మరి మూసి ఉందని ఎందుకు రాశాడన్నాడు కుర్ర ఇంజనీరు. షట్టరు పైకెత్తాక నంబరు చుట్టుకుపోతుంది కదా నాయనా, ఏ నంబరు కింద కూర్చున్నాడో అతనికేం తెలుస్తుంది, వేరే షట్టరును చూసి ఇదనుకుని ఉంటాడు అన్నాడు ముసలాయన. కుర్ర ఇంజనీరు షట్టరు చుట్ట వైపు చూసి, నా వైపు చూసి, ఫక్కున నవ్వేశాడు. తనిఖీ జరిగింది, నంబరు తారుమారైంది అని ఫారం మీద రాసి, నలభై ఏడును పచ్చలోకి మార్చి, టీ తాగి వెళ్ళిపోయాడు. మా పెద్ద ఇంజనీరు కూడా ఊపిరి పీల్చుకుని బండెక్కాడు. నేను తర్వాత వస్తానని ఉండిపోయాను.

జనం పల్చబడ్డాక లోపలికి వెళ్ళి, చాచా, నా ఉద్యోగం నిలబెట్టావు అన్నాను. నా కళ్ళు నిజంగానే చెమర్చాయి. ఆయన అబద్ధం చెప్పి కాపాడాడనుకున్నాను నేను. ఆయన గ్లాసులు బోర్లిస్తూ మసక కన్ను నా వైపు తిప్పాడు.

"నేను అబద్ధం చెప్పలేదు. నువ్వు వచ్చావు, నేను చూశాను. అడిగారు కాబట్టి చెప్పాను," అన్నాడు. చివరి గ్లాసు బోర్లించి, "మిగతా ఎర్ర నంబర్ల దగ్గర కూడా టీ తాగావా?" అని అడిగాడు.

కోపం లేదు ఆ గొంతులో, వెటకారం కూడా లేదు. చక్కెర సరిపోయిందా అని అడిగినట్టే అడిగాడు. నాకు మాత్రం చెంప పగిలినట్టయింది. ఆయనకు ఎర్ర నంబరంటే ఏమిటో అప్పటికి తెలిసిపోయింది. నేనేం చేశానో కూడా అర్థమైపోయింది. తన పని అయిపోయినా, ఆ బజారులో మిగిలిన ముప్పై రెండు షట్టర్ల కోసం ఆయన నన్ను అడుగుతున్నాడు.

మర్నాడు పొద్దునే పెద్ద ఇంజనీరు గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. ఈసారి దొర్లడాలు లేవు. సార్, రంజాన్‌లో ఒక్క సాయంత్రం కూడా తనిఖీకి పోలేదు, టిక్కులన్నీ ఇక్కడ కూర్చుని పెట్టాను అన్నాను. ఎర్ర నంబర్లు మొత్తం ఎన్ని అన్నాడు. ముప్పై మూడు అన్నాను. వాటిలో ఎన్నింటి దగ్గరికి సాయంత్రం పోయావన్నాడు. ఒకదానికి, అదీ టీకి అన్నాను.

ఆయన పెదాలు నవ్వుకు విచ్చుకుని మళ్ళీ బిగుసుకున్నాయి. ఫారాల కట్ట లాక్కుని ఒక్కొక్కటీ తిరగేశాడు. ప్రతిదాని కిందా నా సంతకం, దాని కింద ఆయనది. రంజాన్‌లో రెండో పూట పనివాళ్ళను ఎలా పంపుతున్నావని తనూ ఒకసారి కూడా అడగలేదు, నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. కట్ట మూసి తలెత్తాడు.

"నీకు వార్నింగ్ లెటరు రాస్తాను. అది నీ ఫైల్లో ఉంటుంది, ప్రమోషన్ అడిగినప్పుడల్లా నీకు ఎదురొస్తుంది. నా సంతకానికి లెటరు రాసేవాడు ఎవడూ లేడు కాబట్టి నేను నీతో పాటు నడుస్తాను. ఇషా అయ్యాక బండి తియ్యి," అన్నాడు.

అప్పటికప్పుడు బలదియాకు ఫోన్ చేసి, పట్టిక వెనక్కి తీసుకుంటున్నామని చెప్పాడు. అవతల ఏమన్నారో గానీ ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బయటికి వస్తే మలయాళీ ఏమీ విననట్టు పెన్సిల్ చెక్కుకుంటున్నాడు. నేనే ఆగి, ఆరోజు నువ్వు అడిగింది సబబే, మమ్మల్ని క్షమించు అన్నాను. అతను పెన్సిల్ పక్కన పెట్టి, కొట్టు దొరికిందా, టీ బాగుంటుందా అని అడిగాడు. ఆ గురువారం నా బండిలోనే తీసుకెళ్ళాను.

పఠాన్‌కు సంగతి చెబితే అతను ఆశ్చర్యపోలేదు. భాయీజాన్, నేను రెండు రోజులు అడిగాను కదా, అన్నాడు అంతే. సాయంత్రానికి ఎక్కడి నుంచో థిన్నరు డబ్బా, పాత బనియన్ గుడ్డలు తెచ్చి బండిలో పెట్టాడు. ఎర్ర అంకెలు తుడవడానికట. అన్నీ తుడవాల్సి వస్తుందని ముందే ఎలా అనుకున్నావన్నాను. ఇషా తర్వాత ఈ సందులు మీరొక్కరే చూశారా అన్నాడు.

అలా మొదలైంది మా సాయంత్రం తనిఖీ. ముందు పఠాన్, వెనక నేను, నా వెనక రొప్పుతూ పెద్ద ఇంజనీరు. పదకొండో నంబరు నిజంగానే ఖాళీ, లోపల పిల్లి కుటుంబం తప్ప ఎవరూ లేరు. పదహారూ ఖాళీయే. నాకు కాస్త ధైర్యం వచ్చింది. తర్వాతది ఇరవై రెండు. సన్నటి అడ్డసందు చివర షట్టరు, ముప్పాతిక వంతు దించి ఉంది. కింద నుంచి తెల్లటి వెలుతురు గీతలా నేల మీద పడుతోంది.

వంగి చూశాను. చాప మీద నలుగురు మనుషులు, మధ్యలో పరిచిన నల్ల బిష్ట్. పెళ్ళిళ్ళకూ దర్బారుకూ అక్కడి పెద్దమనుషులు పైన వేసుకునే పొడుగు అంగీ అది. హుఫూఫ్ బిష్ట్ అంటే ఆ దేశమంతా పేరు. నలుగురూ దాని అంచుకు బంగారు జరీ కుడుతున్నారు. దుకాణం వేరే చోట ఉండి, పనివాళ్ళు రాత్రిళ్ళు ఈ గదిలో కుడతారన్నమాట, పక్కింటి నుంచి కరెంటు లాక్కుని. బోర్డు అక్కర్లేదు, మీటరు అక్కర్లేదు, పగలు తెరవనక్కర్లేదు. నేను పెట్టిన మూడు పరీక్షల్లోనూ వాళ్ళు తప్పారు.

ఆ నలుగురిలో పెద్దవాడు, మీరెవరని ఉర్దూలో అడిగాడు. బలదియా సర్వే అన్నాను. నా ఉర్దూ విని ఏ ఊరన్నాడు. కడప అన్నాను. ఆయన సూది ఆపి తెలుగులోకి దిగాడు. జగిత్యాల మనిషి. పద్దెనిమిదేళ్ళ నుంచి ఆ గదిలోనే కుడుతున్నాడట. నేను షట్టరు పైకెత్తి లోపలికి వెళ్ళాను. అప్పుడు కనబడింది గోడ వార. రెండు అట్టపెట్టెలు, తాడుతో బిగించి కట్టి, మీద పేర్లు రాసి, విమానానికి సిద్ధంగా. జరీ కండెలు ఒక సంచిలో మూటగట్టి ఉన్నాయి.

ఆ పెట్టెలేంటి అన్నాను.

"ఎర్ర రంగు ఏసిన్రు గద సారు. ఎర్రదంటే కూలగొడ్తరని పక్క దుకాన్లోళ్ళు చెప్పిన్రు. మా కఫీల్ గూడ గదే మాటన్నడు. కొత్త బజార్ల జాగ రాదు, ఇంక మిమ్ముల నేనేడ కూసోబెట్టాలె, పోన్రి అన్నడు. ఎగ్జిట్ కొట్టిండు, నాకూ, గీ పిలగానికి. శుక్రారం ఫ్లయిటు. గీ ఒక్క బిష్ట్ అయిపోతే పోతం," అన్నాడు.

చెప్పడంలో గోల లేదు. పద్దెనిమిదేళ్ళు కూర్చున్న చోటు నుంచి లేవమంటే లేచాడు, అంతే. ఎవరిని అడగాలో తెలియక ఎవరినీ అడగలేదు. నేను ఏసీ కింద కూర్చుని పెట్టిన టిక్కు ఎక్కడిదాకా నడిచి వెళ్ళిందో నాకు అప్పుడు కళ్ళెదురుగా కనబడింది. బయట పఠాన్ గుడ్డ మీద థిన్నరు పోసుకుని షట్టరు రేకు మీద రుద్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. పెద్ద ఇంజనీరుకు తెలుగు రాదు. అయినా పెట్టెల వైపు చూసి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

కఫీల్ ఫోన్ నంబరు ఇవ్వండి, రేపు పొద్దున మేమే వెళ్ళి మాట్లాడతాం, మీ గది పచ్చ నంబరులోకి మారుతోంది, ఎగ్జిట్ ఇంకా రద్దు చేయించొచ్చు అన్నాను. ఆయన నమ్మాలో వద్దో తెలియనట్టు నా మొహంలోకి చూశాడు. తర్వాత, అడగొచ్చో లేదో అన్నట్టు మెల్లగా అడిగాడు.

"సారూ, రంజాన్ల మీరు రాత్రి పూట వొచ్చి సూసిన్రా? ఎందుకంటే మేం గీడ్నే ఉంటిమి. ఒక్క రాత్రి గూడ లైటు బంజెయ్యలె. పండగ బిష్టులు గదా, మస్తు పనుండె."

టీ కొట్టు ముందు నా తరఫున సాక్ష్యం చెప్పిన మనిషి ఇక్కడ లేడు. ఇది నేనే చెప్పాలి.

"లేదన్నా, రాలేదు," అన్నాను. "వచ్చినానని రాసుకున్న్యా. నేను రాకనే మీకు ఈ గతి పట్టింది."

కుడుతున్న మిగతా ముగ్గురూ సూదులు ఆపారు. ఆయన తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననిపించింది. ఆయన ఒళ్ళో ఉన్న బిష్ట్ అంచును జాగ్రత్తగా మడిచి పక్కకు జరిపి, చాప మీద చోటు చేశాడు.

"గిప్పుడొచ్చిన్రు గద, కూసోండ్రి," అన్నాడు. తర్వాత పక్కనున్నవాడి వైపు తిరిగి, ముడి తెగ్గొట్టకు, మెల్లగ ఇప్పు, తాడు పనికొస్తది అన్నాడు. వాడు లేచి పెట్టెల దగ్గరికి పోయాడు.